కోటేశ్వర్లు లేవనంటున్నాడు

మే 2, శుక్రవారం

సర్వర్ పెట్టి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. దాచేపల్లి లారీ ఓనర్ల సంఘంలో నా ఉద్యోగం వయసూ అంతే. ఇద్దరికీ మూడు నెలల ట్రయల్. ఎవరు ముందు పడిపోతారో చూడాలి.

పని చిన్నదే. ఖాళీ లారీ యార్డులోకి రాగానే దాని నంబరు కొడతాను. అది సీరియల్‌లో చివర చేరుతుంది. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు పిలిచినప్పుడల్లా పైనున్న బండి లోడుకు వెళుతుంది, మిగతావి ఒక మెట్టు ఎక్కుతాయి. రోజుకు పాతిక లోడులు. రేకుల షెడ్డు కింద పెద్ద టీవీ. తొంభై చిల్లర డ్రైవర్లు దాని వంక చూస్తూ బీడీలు కాలుస్తుంటారు. నేను రెంటచింతల నుంచి బస్సులో ఉడికి ఇక్కడికొచ్చి ఆరుతాను. బీటెక్ చదివింది ఇందుకేనా అని అమ్మ అడగడం మానేసింది, అదే సంతోషం.

ఇరవై ఏడేళ్లు ఈ సీరియల్‌ను వీరాంజనేయులు గారు పుస్తకంలో రాశారు. ఆయన తన బామ్మర్ది బండిని ముందుకు తోశాడని గొడవైంది. మనిషన్నాక చుట్టాలుంటారు, మిషన్‌కు ఎవరూ ఉండరు అని సంఘం తీర్మానించి, ముంబైలో ఎక్కడో ఉన్న సర్వర్‌ను అద్దెకు తీసుకుంది. మిషన్‌కు చుట్టాలు లేని మాట నిజమే. దాన్ని నడిపే నాకు రెంటచింతలలో సగం ఊరు చుట్టాలే అన్న సంగతి తీర్మానంలో లేదు.

బెంజిమిన్ బాబాయ్ సంగతి ఇక్కడ రాయాల్సిన పనేమీ లేదు. పోయిన శుక్రవారం ఆయన బతిమాలాడు. ఆదివారం చర్చిలో వాళ్ల చిన్నదాని మొదటి సత్ప్రసాదం పండగ, శుక్రవారమే లోడు దొరికి వెళ్లొస్తే తప్ప ఆయన గుడిలో ఉండడు. సీరియల్‌లో ఆయన లారీ ముప్పై ఒకటిని ఇరవై అయిదు చేశాను. ఆరే స్థానాలు. ఇదేందని వెనకపడ్డ డ్రైవర్లు కిటికీ దగ్గరికొచ్చి అడిగితే "సిస్టమ్ అట్లా తీసుకుంది" అన్నాను. తలూపి వెళ్లిపోయారు. వీరాంజనేయులు గారినైతే చొక్కా పట్టుకునేవాళ్లు.

ఆరు స్థానాలకు ప్రపంచమేమీ మునగలేదు.

మే 3, శనివారం

మునిగేట్టే ఉంది.

సంఘం ప్రెసిడెంటు మస్తాన్‌రావు గారు ఇవాళ టీవీ ముందు నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టారు. టీవీ అడుగున చిన్న అక్షరాల్లో సర్వర్ పేరు ఉంటుంది. అద్దె మిషన్ కదా, కంపెనీ వాళ్లు తగిలించిన నంబరే పేరు: ఐపీ-172-31-5-25.

"ఏందమ్మా ఇది? అంతా కలిపితే ఇరవయ్యారు. రెండూ ఆరూ ఎనిమిది."

"అవును సార్."

"అవునంటావేంది? ఎనిమిదంటే శని. మిషన్ వచ్చిన కాడ్నించి నా బండికి మూడు పంచర్లు. చిన్నప్ప బండి చెక్‌పోస్టు కాడ రెండు రోజులు నిలబడిపోయింది. ఇప్పుడు తెలిసింది ఎందుకో."

ఈ యార్డులో కూడిక తొమ్మిది రాని నంబరు ప్లేటున్న బండి ఒక్కటీ లేదు. ఈయన అయితే మనవడి పుట్టిన తేదీ కలిపితే ఎనిమిది వచ్చేలా ఉందని కాన్పునే ఒకరోజు ముందుకు జరిపించారు. చిన్నప్ప గారు ఆదివారం ఆదివారం గుడికెళ్లి ముందు బెంచీలో కూర్చునే మనిషి, ఆయనా వేళ్లు మడిచారు. శని దగ్గర మాత్రం మతభేదం లేదు.

"పేరు మార్చడం ఎంతసేపు?" అన్నారు.

"రెండు నిమిషాలు సార్" అన్నాను. నా నోటిదూల.

విజయవాడలో ఈ సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన నరేంద్రకు ఫోన్ చేశాను. హోస్ట్‌నేమ్ మార్చే కమాండ్ చెప్పాడు. రీస్టార్ట్ అయ్యాక డేటాబేస్, సీరియల్ యాప్, మెసేజీలు, టీవీ బోర్డు, ఈ వరుసలో ఒక్కోటీ స్టార్ట్ చేయమన్నాడు. తర్వాత తీరిగ్గా ఇంకో ముక్క చెప్పాడు.

"పేరు మారితే సీరియల్ యాప్ కొత్త మిషన్‌లోకి వచ్చాననుకుంటది మేడం. మొదటిసారి లేచినప్పుడు పాత లాగ్, అంటే ఇప్పటిదాకా ఎక్కిన పద్దంతా, మొదట్నించీ చదువుకుంటది. టీవీ మీద కూడా పడిద్ది, కంగారు పడొద్దు. చేత్తో మార్చినవి ఉంటే ఎర్రగా వస్తాయి, ఎవరు మార్చారో పేరుతో సహా. మంచి ఫీచర్ అది."

"లాగ్ తీసేస్తే?"

"సీరియల్ మొత్తం పోద్ది. దానికి గుర్తుండేదంతా అందులోనే కదా."

ఇది బయటపడితే నా ఉద్యోగం పోతుంది. అంతకంటే ముందు తొంభైమంది నా వంక చూస్తారు. నాకు భయమేమీ లేదు. లాగ్‌లో ఆ లైను ఇంకా ఉందో లేదో రెండుసార్లు తీసి చూశాను, అంతే.

మే 5, సోమవారం

దారి దొరికింది. పేరు కుదరకపోతే పేరు మారదు.

ఉదయం చిన్నప్ప గారికి టీ ఇస్తూ, "మన గుడిలో మాత పేరు ఒక్కరూ అనలేదేం అంకుల్?" అన్నాను. పదకొండింటికి గులాం మొహిద్దీన్ గారితో, "మాత పేరు పెడుతున్నారంట, మీ దర్గా పేరు ఎవరన్నా అన్నారా?" అన్నాను. మస్తాన్‌రావు గారి దగ్గర కొండ మీది దేవుళ్లందరినీ వరసగా తలుచుకున్నాను. భోజనాల వేళకు యార్డు రెండుగా, టీ వేళకు నాలుగుగా చీలింది. మధ్యలో ఎవడో సినిమా హీరో పేరన్నాడు. ఇంకో హీరో అభిమానులు కుర్చీలు లేపారు. పల్నాడులో గొడవ పెట్టడానికి బీటెక్ కూడా అక్కర్లేదు.

పేరు కుదిరేదాకా శని తగలకుండా సర్వర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టమన్నారు. సర్వర్ ముంబైలో ఉంది. మోడెమ్‌కు కట్టాను.

మే 6, మంగళవారం

గొడవ చక్కగా సాగుతోంది. దేవుడికి స్తోత్రం.

మే 7, బుధవారం

బాబాయ్ బతిమాలాడని రాశాను. అది కాస్త ఎక్కువే. అడిగాడు, అంతే.

మే 8, గురువారం

నూర్ మొహమ్మద్ గారు కిటికీ దగ్గరికి వచ్చారు. ఆ శుక్రవారం ఇరవై అయిదో నంబరు ఆయనదే. బాబాయ్ ముందుకు రావడంతో ఇరవై ఆరయ్యారు. మిగతా అయిదుగురికీ ఎలాగూ శనివారమే లోడు, నిజంగా ఒక రోజు పోయింది ఆయన ఒక్కరికే. ఆ శనివారం ఫ్యాక్టరీలో లోడింగ్ మిషన్ చెడిపోయింది, ఆదివారం సెలవు. సోమవారం లోడెత్తుకుని కర్నూలు వైపు వెళ్లారు.

ఈ లెక్క నేను ఇంతకు ముందు వేయలేదు. వేయాలన్న ఆలోచన రాలేదు. రాలేదనే అనుకుంటున్నాను.

"కాగితం ఒకటి ప్రింటు తీసిస్తావా అమ్మా? మా ఇరమ్ సర్టిఫికెట్" అన్నారు. ఇచ్చాను. ఊరుకోలేక, "పాప ఏం చదువుతోంది నూర్ భాయ్?" అన్నాను.

"పదైంది. పాలిటెక్నిక్ పరీక్ష రాయాల్సింది పోయిన వారం బుధవారం, నరసరావుపేటలో. నేనే దించొస్తానన్నా. కర్నూలు కాడ ఇరుక్కున్నా గదా. బస్సుకెళ్లింది. బస్సు దారిలో ఆగిపోయిందంట. ఇది పోయేలోపల గేటు మూసేశారు. అరిచి ఏడ్చిందంట, తియ్యలా."

తీసిన ప్రింటునే ఇంకోసారి తీశాను.

"చానా తెలివైంది లేమ్మా. మళ్లీ ఏడు రాసుకుంటది. ఎవర్ని అనేది? ఆంజనేయులు రాసిన సీరియలైతే ఆ రోజే కొట్లాడేవాణ్ణి. మిషన్ చెప్పింది గాబట్టి ఊరుకున్నా. మిషన్‌కి నా మీద కోపమేంది, ఇంకోడి మీద ప్రేమేంది?"

నాకు సిగ్గేసింది. ఇంతకంటే రాయలేను.

మే 9, శుక్రవారం

నా గొడవను సుబ్బరత్నమ్మ గారు అయిదు నిమిషాల్లో చంపేశారు.

ఈవిడ సంఘంలో ఒకటో నంబరు సభ్యురాలు. రెండు లారీలు, ఒక గొంతు. మైకు అక్కర్లేదు. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కూర్చుని, "లోడుకేం చేస్తన్నాం మనం? వరస ప్రకారం పోతన్నామా లేదా? పేరుకీ అట్టాగే పోండి. నెలకొకరి పేరు. సభ్యత్వం నంబరు వరసన. నీది వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో" అన్నారు.

అందరికీ నచ్చింది. ఎవరికి మాత్రం నచ్చదు? ఈ యార్డులో పుట్టుకా చావూ తప్ప అన్నీ సీరియల్ ప్రకారమే నడుస్తాయి. అంటే తొంభై మంది సభ్యులకు తొంభై నెలలు, తొంభై హోస్ట్‌నేములు. నెలనెలా ఆ మిషన్‌కు బారసాల నేను చేయాలి. ప్రపంచంలో ఇంకెక్కడా ఏ సర్వర్‌కూ పట్టని గతి.

"మరి ఒకటో నంబరు నీదేగా అక్కా. ఏం పేరు?" అన్నారు మస్తాన్‌రావు గారు.

"కోటేశ్వర్లు."

"మా బావ పేరా?"

"ఆ మనిషి బతికున్నన్నాళ్లూ చెప్పిన టైముకు ఒక్కరోజు లేవలా. ఈడన్నా లేస్తాడేమో చూద్దాం."

కూడిక చూశారు. ఏ లెక్కలో చూశారో గానీ తొమ్మిదే వచ్చింది. ముహూర్తం పదిహేనో తారీఖు, గురువారం పది నలభై రెండుకు.

మే 10, శనివారం

బాబాయ్ అడగనూ లేదు. పూరీ తింటూ "ఈసారి కూడా చిన్నదాని పండక్కి ఉండనేమో" అని నిట్టూర్చాడు. మిగతాదంతా నేనే చేశాను.

మే 12, సోమవారం

ఒక ఉపాయం తట్టింది. ముహూర్తం రోజు పొద్దున్నే సీరియల్ మొత్తం కాగితం మీద ఎక్కించుకుంటాను. లాగ్ తీసేస్తాను. పేరు మార్చి, యాప్‌లు స్టార్ట్ చేసి, బండ్లన్నీ మళ్లీ కొడతాను. ఎర్ర లైను ఉండదు. ఎవరైనా అడిగితే కొత్త పేరు, కొత్త పద్దు అంటాను.

గంటలో అన్ని నంబర్లు తప్పు లేకుండా రాయగల చెయ్యి ఈ యార్డులో ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే బండ్లకు సలాములు కొడుతోంది. వెళ్లి అడిగాను. పాత లాగ్ తీసేస్తున్నానని మాత్రమే చెప్పాను, ఎందుకో చెప్పలేదు.

వీరాంజనేయులు గారు ఒకసారి అటూ ఇటూ చూశారు. తర్వాత అన్నారు: "నేనూ ఒక పేజీ చింపాను అమ్మా."

"ఏ పేజీ?"

"మా బామ్మర్దిది. అంతా అబద్ధం చెప్పారనుకుంటన్నావా నువ్వు? తోశాను. రెండు బండ్లే. మా ఆవిడ మూడు రోజులు అన్నం పెట్టకపోతే తోశాను. తరవాత భయమేసి ఆ పేజీ చింపి కొత్తది రాశా. తోసినట్టు ఎవుడూ పట్టుకోలా. చింపింది పట్టుకున్నారు. పుస్తకం నడిమధ్య పేజీ లేకపోతే గుడ్డోడికి కూడా తెలుస్తది."

"నేనేమీ తొయ్యలేదండీ" అన్నాను.

"నేనట్టా అన్లేదుగా" అన్నారు. "గురువారం పొద్దున్నే వస్తా. రాయమంటే రాస్తా, వద్దంటే వద్దు."

మే 13, మంగళవారం

లాగ్‌లో నాలుగు వారాల ఎంట్రీలున్నాయి. టీవీ మీద సర్రున జారిపోతాయి. ఒక్క ఎర్ర లైను. ఎవరు చదువుతారు? సగం మందికి కళ్లద్దాలు లేవు. నేను ఊరికే గింజుకుంటున్నాను. తీసేయను. వెళ్లిపోతుంది.

మే 14, బుధవారం

వెళ్లిపోతుంది.

మే 15, గురువారం

మోడెమ్‌కు పసుపు రాశారు. మానిటర్‌కు కుంకుమ బొట్టు, కీబోర్డుకు బంతిపూల దండ. దండ ఎంటర్ మీటకు అడ్డం పడుతుంటే పక్కకు జరిపాను. మస్తాన్‌రావు గారు అపచారం చేసినట్టు చూశారు. పూజారి ఒకవైపు, చిన్నప్ప గారు పిలిపించిన చర్చి ఫాదర్ గారు ఇంకోవైపు, సాంబ్రాణి పట్టుకుని గులాం మొహిద్దీన్ గారు వెనక. అందరి ప్రార్థనలూ ఒకే మోడెమ్‌కు. పాపం అది వైఫై పంచడానికి పుట్టింది.

వీరాంజనేయులు గారు పెన్నుతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. తల అడ్డంగా ఊపాను. పెన్ను జేబులో పెట్టుకున్నారు.

సరిగ్గా పది నలభై రెండుకు హోస్ట్‌నేమ్ మార్చాను. సుబ్బరత్నమ్మ గారు కొబ్బరికాయ కొట్టారు. రీస్టార్ట్. డేటాబేస్ లేచింది. సీరియల్ యాప్ స్టార్ట్ కొట్టాను.

లేవలేదు. మళ్లీ కొట్టాను. లేవలేదు. టీవీ నల్లగా ఉంది.

"ఏందంట?" అన్నారు బయటి నుంచి.

"కోటేశ్వర్లు లేవలేదు" అన్నాను.

యార్డంతా ఘొల్లుమంది. "పేరు అట్టాంటిది మరి! నేను చెప్పలా?" అని సుబ్బరత్నమ్మ గారి గొంతు. "నీళ్లు చల్లండ్రా మొహాన" అన్నాడొకడు. నాకు మాత్రం లోపల ఎంత హాయిగా అనిపించిందో రాయాలి. ఇలాగే పడుకుని ఉండరా నాయనా, నీకు పుణ్యముంటుంది అనుకున్నాను.

కానీ ఫ్యాక్టరీ నుంచి లోడు పిలుపు వచ్చింది. ఎవరు ముందో ఎవరికీ కనపడడం లేదు. గేటు దగ్గర నాలుగు బండ్లు ఒకేసారి స్టార్టయ్యాయి. ఒక క్లీనరు ఇంకొకడి అద్దం మీద కర్రతో కొట్టాడు. పది నిమిషాలు ఆగితే తలలు పగిలేవి.

నరేంద్రకు ఫోన్ చేశాను. "హోస్ట్స్ ఫైల్‌లో కొత్త పేరు రాశారా మేడం? అందులో పాత పేరే ఉంటే, ఆ మిషన్‌కి తన కొత్త పేరు తనకే తెలీదు. తనెవరో తెలీకపోతే ఎట్టా లేచిద్ది?" చెప్పడం మరిచిన మనిషి ఎంత ధీమాగా చెబుతాడో! ఒక్క లైను. మార్చాను. వేలు మీట మీద పెట్టి ఒక్కసారి కళ్లు మూసుకున్నాను. కొట్టాను.

కోటేశ్వర్లు లేచాడు.

సర్రున జారిపోతుందనుకున్నాను కదా. యార్డులో నెట్ ఎలా ఉంటుందో మరిచాను. లాగ్ ఒక్కో లైనూ ఆలోచించుకుంటూ దిగింది. ఏప్రిల్ పద్నాలుగు. పదిహేను. మొదట్లో కేరింతలు కొట్టారు, తమ నంబరు కనపడినప్పుడల్లా ఈలలు. తర్వాత అందరూ చదవడం మొదలుపెట్టారు. కళ్లద్దాలు లేనివాళ్లకు ఉన్నవాళ్లు చదివి చెప్పారు. ఏప్రిల్ ఇరవై అయిదు దగ్గర ఎర్రగా ఒక్క లైను వచ్చింది, దాని మీదే నెట్ ఆగిపోయింది. బండి నంబరు. ముప్పై ఒకటి నుంచి ఇరవై అయిదు. మార్చినవారు: వెన్నెల.

నేను బయటికి వచ్చి షెడ్డు కింద నిలబడ్డాను. ఎందుకు వచ్చానో తెలియదు.

"ఈ ఎర్రదేందమ్మా?" అన్నారు మస్తాన్‌రావు గారు. వెంటనే ఆయనే, "మిషన్ నీ పేరు తప్పు రాసిందా? ఆ ఎనిమిది నంబరు పేరున్నప్పటిది గదా. అప్పుడు తప్పులు పడకపోతే ఆశ్చర్యం" అన్నారు. నలుగురైదుగురు తలూపారు కూడా. అబద్ధం వండి, వడ్డించి, నా చేతికిచ్చారు. తింటే చాలు.

నూర్ మొహమ్మద్ గారు టీవీ వంక కాదు, నా వంక చూస్తున్నారు. నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు.

"మిషన్ తప్పు కాదు సార్" అన్నాను. "నేనే మార్చాను. అది మా బాబాయ్ బండి."

బెంజిమిన్ బాబాయ్ వెనక వరసలో ఉన్నాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నేను నిన్ను అడిగానా అమ్మా?"

"లేదు బాబాయ్."

"మిషన్ ఇచ్చింది, దేవుడు చూశాడు అనుకున్నానే. గుడిలో సాక్ష్యం కూడా చెప్పానే."

నూర్ మొహమ్మద్ గారు చేతిలో బీడీ ఆర్పి, "అయితే ఇంకనించి మిషన్‌తో కూడా కొట్లాడాలన్నమాట" అన్నారు. ఎవరితోనూ కాదు, తనలో తనే అన్నట్టు అన్నారు.

మే 16, శుక్రవారం

సంఘం తీర్పు. వరస తప్పిన బండి చివరికి పోవాలన్నది వాళ్ల పాత కట్టుబాటు. బాబాయ్ బండి తొంభై ఆరో నంబరుకు వెళ్లింది. ఆయనే తీసుకెళ్లి యార్డు చివర పెట్టుకున్నాడు. తప్పు నాది, చివరకు వెళ్లింది ఆయన.

నన్నూ పంపేయాలన్నారు సగం మంది. సుబ్బరత్నమ్మ గారు, "ఈ పిల్ల పోతే ఆ కోటేశ్వర్లుని ఎవరు లేపుతారు? మీరు లేపుతారా?" అన్నారు. ఎవరికీ రాదు. మస్తాన్‌రావు గారు ఆలోచించి, "సరే, ఆంజనేయుల్ని లోపలికి రమ్మను. నువ్వు కొట్టు, ఆయన రాస్తాడు. రెండూ సాయంత్రం కలిపి చూడాలి. నీ మీద ఆయన కాపలా, ఆయన మీద నువ్వు" అన్నారు.

మిషన్‌కు చుట్టాలు లేరని తెచ్చుకున్నారు. ఇప్పుడు దానికి ఇద్దరు దొంగలు కాపలా. వీరాంజనేయులు గారు తన స్టూలు తనే మోసుకుని లోపలికి వచ్చారు. నా పక్కన వేసుకుని, పుస్తకం తెరిచి, పేజీల నంబర్లు ఒకసారి లెక్కపెట్టుకున్నారు.

అమ్మ మాట్లాడడం లేదు. బాబాయ్ చెప్పినట్టున్నాడు.

మే 17, శనివారం

ఇవాళ తొంభై సార్లు చెప్పాను. ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వచ్చి, "నా ముందు ఎవరు? నా ఎనక ఎవరు?" అని అడుగుతున్నారు. టీవీ ఎదురుగానే ఉంది. అయినా అడుగుతున్నారు. చెబుతున్నాను. గొంతు పోయింది.

మే 19, సోమవారం

నూర్ మొహమ్మద్ గారు ఒక్కరే అడగడానికి రాలేదు. నేనే బయటికి వెళ్లాను. బండి నీడలో కూర్చుని ఉన్నారు.

"ఇరమ్‌కు నేను లెక్కలు చెబుతాను నూర్ భాయ్. రోజూ సాయంత్రం ఒక గంట. వచ్చే ఏడు పరీక్షకు నేనే నరసరావుపేట తీసుకెళతాను" అన్నాను. బస్సులో మూడు రోజులుగా కూడబలుక్కున్న మాటలు.

"చూద్దాంలే అమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

తిరిగి వస్తుంటే ఆయన ముందు బండి లోడుకు కదిలింది. టీవీలో వరస మారింది. నూర్ మొహమ్మద్ గారు లేచి నిలబడి, టీవీ చూశారు. చొక్కా జేబులోంచి కొత్త పాకెట్ పుస్తకం ఒకటి తీశారు, ఇంకా ధర చీటీ కూడా ఊడలేదు. తన నంబరు, తన ముందు నంబరు, టైము రాసుకున్నారు. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. దాచుకోలేదు.